ఆలోచన ఎవరితో చేశావు?

నేను గంజాం జిల్లా కోర్టుల్లో దుబాసీగా పనిచేసి రిటైరయ్యాను. బోనెక్కినవాడు తెలుగులో చెప్పింది జడ్జికి ఒడియాలోనో ఇంగ్లీషులోనో చెప్పాలి. జడ్జి అడిగింది ఆ మనిషికి తెలుగులో చెప్పాలి. మధ్యలో మన సొంత కవిత్వం కలపకూడదు. పైకి చూస్తే ఇంతే పని.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ బరంపురంలో మా ఇంటికి వచ్చారు. వేర్వేరు రోజుల్లో వచ్చినా అడిగింది ఒకటే. "మాటల పుట్టుక చెప్పే మంచి పుస్తకం ఏదైనా ఉందా సార్? మూలం తెలిస్తే అర్థం దానంతటదే తెలిసిపోతుంది కదా!"

ఆ నమ్మకం నాకు కొత్త కాదు. నేనూ దాంతోనే ఉద్యోగంలో చేరాను. ఆ నమ్మకం వల్ల ముగ్గురు మనుషులు జైలు పాలు కావడం కళ్లారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయిందో మీకు అక్కర్లేదు. వాటిని వదిలేస్తాను.

ఇల్లు, కొట్టు

మాది తరాలుగా బరంపురంలో బట్టల వ్యాపారం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. మా నాన్న బాబాయితో తెలుగులో మొదలుపెట్టిన మాటను ఎదురుగా చీరలు చూస్తున్న ఆవిడ వైపు తిరిగి ఒడియాలో ముగించేవాడు. ఏ మాట ఏ భాషదో ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. బేరం కుదిరిందా లేదా, అదే ఆయనకు ముఖ్యం.

నాకు కొట్లో కూర్చోవడం ఇష్టం లేదు. బి.ఏ. పూర్తవగానే కోర్టు పరీక్ష రాశాను. "దుబాసీ ఏట్రా? ఏదో తురకల మాటలాగుంది. ఆ పేరుతో నౌకరీ సేత్తావా?" అని బాబాయి వెక్కిరించాడు. ద్విభాషి, అంటే రెండు భాషలు తెలిసినవాడు అనే మన మాటే జనం నోళ్లలో నలిగి దుబాసీ అయిందని నేను తర్వాత తెలుసుకున్నాను. గొప్పగా వెళ్లి బాబాయికి చెప్పాను కూడా. కానీ ఆ సంగతి తెలిసినందువల్ల నా పని పిసరంతైనా సులువు కాలేదు.

శర్మ గారి పద్ధతి

నా పై అధికారి శర్మ గారు, పెద్ద దుబాసీ. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, సంస్కృతం నాలుగూ ధారాళంగా వచ్చు. ఈ పనిలో మంచి అలవాట్లన్నీ ఆయన నేర్పినవే. సాక్షి మాట పూర్తయ్యేదాకా నోరు తెరవకూడదు. సాక్షి తిడితే ఆ తిట్టును తిట్టుగానే చెప్పాలి, మర్యాద పూయకూడదు. అతను "నేను" అంటే మనమూ "నేను" అనాలి. మొదటి వారమే ఇవన్నీ చెప్పి, రోజూ వెనక కూర్చుని గమనించి, తప్పు చేస్తే సాయంత్రం పిలిచి చీవాట్లు పెట్టేవారు.

ఆయనకున్న బలహీనత ఒక్కటే. ప్రతి మాటకీ పుట్టుక చెప్పాలి. తెలియకపోతే అప్పటికప్పుడు అల్లి చెప్పాలి. "తెలియదు" అనే మాట ఆయన నోట నేను వినలేదు.

మధ్యాహ్నం కోర్టు బయట టీ కొట్టు దగ్గర ఆయనకు దీటైన జోడీ బెంచి క్లర్కు రథ్ బాబు. శర్మ గారు ప్రతి మాటనీ సంస్కృతానికి ముడిపెడితే, రథ్ బాబు ప్రతి మాటా ఒడియాదేననీ, మిగతావాళ్లు పట్టుకుపోయారనీ వాదించేవాడు. ఒకరోజు దుకాణం అనే మాట మీద పడ్డారు. శర్మ గారు దానికో సంస్కృత ధాతువు చూపించారు. "మేం దొకాన్ అంటాం, మీరు చివర సున్నా తగిలించుకున్నారు, అంతే కదా," అన్నాడు రథ్ బాబు. అది అరబ్బుల దగ్గర బయలుదేరి పారశీ మీదుగా మన దాకా వచ్చిన మాటని నేనెక్కడో చదివి ఉన్నాను. చెప్పాను. ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు.

అలమారా, మేస్త్రీ పోర్చుగీసువాళ్ల ఓడల్లో దిగిన మాటలంటే శర్మ గారికి నిజంగా కోపం వచ్చింది. "మా ఇంట్లో అలమారా మా తాతగారు చేయించింది. పోర్చుగీసువాడు మా ఇంటికెప్పుడొచ్చాడోయ్?" అన్నారు. తాళంచెవి సంగతి మరీ తమాషా. చెవిలా ఉంటుంది కనక చెవి అన్నారని ఆయన ఖాయం చేశారు. మనం చెవి అంటాం, ఒడియావాళ్లు చాబి అంటారు. రెండూ ఒక పోర్చుగీసు మాట నుంచే వచ్చాయనీ, తెలిసిన మాటలా వినిపిస్తుందని మనవాళ్లు దాన్ని చెవి చేసుకున్నారనీ పండితులు కొందరు అంటారు. నేను దాన్ని నమ్ముతాను కానీ ప్రమాణం చేసి చెప్పలేను.

కూరగాయల దగ్గరికొస్తే ఇంకా గందరగోళం. బంగాళాదుంప బంగాళాలో పుట్టిందని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. అది అంతకంటే ఎన్నో సముద్రాల అవతలి నుంచి వచ్చింది. మిరపకాయను ఒడియాలో లంకా అంటారు. హనుమంతుడు లంక నుంచి తెచ్చాడు కనక ఆ పేరు వచ్చిందని రథ్ బాబు పూర్తి నమ్మకంతో చెప్పేవాడు. ఆ కాయ కూడా సముద్రం దాటి వచ్చిందే. మనవాళ్లు అప్పటికే మిరియాల ఘాటు ఎరిగినవాళ్లు కనక ఆ పేరే దీనికీ పెట్టుకున్నారు. కాయ పరాయిది, పేరు ఇంటిది. ఇలాంటివి టీ కొట్టు దగ్గర ఎంతసేపు మాట్లాడుకున్నా ఎవరికీ నష్టం లేదు. నాకూ సరదాగానే ఉండేది.

నష్టం కోర్టులో జరిగేది. మా ప్రాంతపు తెలుగు ఒడియా సాంగత్యంతో చెడిపోయిందని శర్మ గారి అభిప్రాయం. సాక్షి "ఏటి" అంటే ఆయన ముఖం చిట్లించేవారు. "ఏమిటి అనవయ్యా. ఏటి అనేది ఒడియా కల్తీ," అనేవారు. ఆ ఏటి మన ఏమిటి కుదించుకుపోగా మిగిలినదే. ఒడియా ముక్క చెవిన పడని శ్రీకాకుళం పల్లెల్లో కూడా ఏటి అనే అంటారు. ఆ సంగతి అలా ఉంచండి. ఆయన ఒకసారి దిద్దేసరికి సాక్షి బెదిరిపోయేవాడు. ఆ తర్వాత ప్రతి మాటా వెతుక్కుంటూ, సగం మింగుతూ చెప్పేవాడు. వకీలు లేచి, "చూడండి, ఎలా తడబడుతున్నాడో, అబద్ధం కాకపోతే ఎందుకిలా?" అనేవాడు. దిద్దింది దుబాసీ, అబద్ధాలకోరు అనిపించుకున్నది సాక్షి. ఈ ఒక్క విషయంలో నేను శర్మ గారిని క్షమించలేదు. సాక్షి భాషను బాగుచేయడం మీ పని కాదు. ఆ కోరిక ఉంటే బడిలో చేరండి.

దిగపహండి రైతు

నేను చేరిన కొత్తలో కౌలు హక్కుల విచారణలకు కూడా మమ్మల్ని పంపేవారు. దిగపహండి దగ్గర పల్లె నుంచి వచ్చిన గురువులు అనే రైతు కేసు అలాంటిదే. తండ్రి కాలం నుంచి దున్నుతున్న కౌలు భూమిలోంచి యజమాని పొమ్మంటున్నాడు. మొదటి విచారణలో దుబాసీ లేడు. అక్కర్లేదనుకున్నారు, ఎందుకంటే గురువులుకు ఒడియా వచ్చు. నువ్వేం చేస్తావని అధికారి ఒడియాలో అడిగితే, అతనూ ఒడియాలోనే, "వ్యవసాయం చేస్తాను," అన్నాడు. ఏ వ్యవసాయం అంటే, "వరి, పెసలు," అన్నాడు. ఒడియాలో ఆ మాటకు వ్యాపారం అని అర్థం. వడ్లూ పెసలూ కొని అమ్మే వ్యాపారస్తుడు, సాగుదారు కాడు అని తేల్చేశారు.

పై అధికారి దగ్గర విచారణకు నన్ను పంపారు. గురువులు నన్ను చూడగానే చేతులు పట్టుకున్నాడు. "బాబూ, నాను యవసాయం సేత్తాను అని ఎన్నిసార్లు సెప్పినా, నువ్వు యాపారివి అంతన్నారు. నానేటి యాపారం సేసినాను? కొట్టు నేదు, కాటా నేదు. నన్నెవులు ఇరికించినారో తెల్డం నేదు," అన్నాడు. ఎవరో కుట్ర చేశారని ఆ కుటుంబమంతా నమ్మింది. అన్నదమ్ములు ఒకరినొకరు అనుమానించి మాటలు మానేశారు.

నేను విచారణలో ఒక్క ముక్క చెప్పాను. "అయ్యా, తెలుగువాళ్లు వ్యవసాయం అంటే మీ చాసొ, అంటే సేద్యం." ఆ అధికారి ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, వెంటనే గంభీరంగా అయ్యాడు. తన కింది వాళ్లు ఇలాంటివి ఇంకెన్ని తేల్చేశారో అని ఆయనకు దిగులు పట్టుకుంది. గురువులు భూమి గురువులు దగ్గరే ఉంది.

తిరిగొచ్చి టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెబితే, శర్మ గారు, "ఒడియావాళ్లు అర్థం పాడుచేసుకున్నారు, మనదే అసలైన అర్థం," అన్నారు. రథ్ బాబు సరిగ్గా దీన్నే తిరగేసి అన్నాడు. సంస్కృతంలో చూస్తే ఆ మాటకు పట్టుదల, గట్టి ప్రయత్నం అని అర్థం. సేద్యమూ కాదు, వ్యాపారమూ కాదు. ఒకే మాట రెండు ఇళ్లకు కోడలిగా వెళ్లి రెండు రకాల కాపురం చేస్తోంది. శిక్ష అంటే మనకు దండన, వాళ్లకు చదువు. ఆగ్రహం మనకు కోపం, వాళ్లకు ఆసక్తి. మూలం ఒకటే కదా అని ధైర్యంగా అడుగువేసిన చోటే జారిపడతాం. పూర్తిగా కొత్త మాటైతే ఆగి అడుగుతాం. తెలిసిన ముఖం అనిపిస్తే అడగం.

హుమ్మ గట్టు కేసు

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న కేసు.

హుమ్మ దగ్గర ఉప్పుమడుల్లో సింహాద్రి అనే తెలుగు కూలీ ఉండేవాడు. మడుల పక్కన పల్లంలో కూలీల గుడిసెలు. ఒక వేసవి మధ్యాహ్నం ఉన్నట్టుండి పెద్ద వాన పట్టింది. నీళ్లు పోయే దారి లేక గుడిసెల్లోకి ఎక్కాయి. సింహాద్రి పార తీసుకుని గట్టు కొట్టాడు. గుడిసెల్లో నీళ్లు తీశాయి కానీ ఆ నీళ్లన్నీ పోయి, తీయడానికి సిద్ధంగా ఉన్న ఉప్పుమడుల్లో పడ్డాయి. వానకు కరగగా మిగిలిన ఉప్పంతా కరిగిపోయింది.

మడుల కాంట్రాక్టరు ఇది కుట్ర అని ఫిర్యాదు చేశాడు. అందుకు కారణం కూడా చూపించాడు. అంతకు కొన్నాళ్ల ముందు తాగునీళ్ల బండి రావడం లేదని కూలీలు పని ఆపి అతన్ని నిలదీశారు. ముందు నిలబడి మాట్లాడినవాళ్లు ముగ్గురు: సింహాద్రి, అతని బావమరిది అప్పన్న, పక్క గుడిసె ఒడియా కూలీ దండపాణి. ముగ్గుర్నీ అరెస్టు చేశారు. గట్టు కొట్టిన రోజు దండపాణి ఖల్లికోటలో చుట్టాలింట ఉన్నాడు. అయినా కుట్ర ముందే జరిగిందన్నారు కనక అతను ఊళ్లో లేకపోవడం లెక్కలోకి రాలేదు.

కుట్ర జరిగిందనడానికి ఆధారం సింహాద్రి వాంగ్మూలమే. అది మొదట్లో ఒక మేజిస్ట్రేటు ముందు ఇచ్చింది. ఒడియా వచ్చునా అంటే వచ్చునన్నాడు. ఆ ఉప్పుమడుల దగ్గర పుట్టి పెరిగినవాడికి రాకపోవడమేమిటి? అందుకని దుబాసీని పిలవలేదు. నీళ్లు ఎక్కాక ఏం చేశావంటే, ఒడియాలోనే, "ఆలోచన చేసి గట్టు కొట్టాను," అన్నాడు. ఒడియాలో ఆలోచన అంటే నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం. ఒక్కడే ఆలోచన చేయడం కుదరదు కనక, రాసుకున్నవాడు దాన్ని సవరించి, "మేము ఆలోచన చేసి గట్టు కొట్టాం," అని పెట్టాడు. అతను దురుద్దేశంతో చేశాడని నేననను. తన భాషలో అర్థం కుదిరేలా చేశానని అనుకుని ఉంటాడు. ముగ్గురూ జైల్లో ఉన్నారు. గుడిసెల్లో ఉన్నది ఆడవాళ్లూ పిల్లలూ.

కేసు విచారణకొచ్చేసరికి ఆ బెంచిలో దుబాసీని నేను. ముందు రోజు ఆ కాగితాలు చదువుతుంటే ఆ మాట దగ్గర ఆగిపోయాను. శర్మ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కొట్టిపారేశారు.

"ఒకే మాట ఉభయ భాషల్లో ఉంది. మూలం ఒకటే. అర్థం వేరెలా అవుతుంది? ఆ కూలివాడికి భాష రాక ఏదో అన్నాడు. నువ్వు అందులో వేలు పెట్టకు."

"రేపు జడ్జి గారు నన్ను అడిగితే, సార్?"

"నేనూ వస్తాను. పండితుణ్ని నేనుండగా నిన్నెందుకు అడుగుతారు?"

ఆయన నిజంగానే వచ్చారు. నేను ఆయన కింద పనిచేసేవాణ్ని, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ అంతా విని, "రేపు మీరు ప్రమాణం సేసేది సర్మగారి మీదా, దేవుడి మీదా?" అంది.

మర్నాడు జడ్జి గారు సింహాద్రిని ప్రశ్నించడం మొదలుపెట్టారు. ఆయన కటక్ వైపు మనిషి. తెలుగు అసలు రాదు. తక్కువ మాట్లాడేవారు. సింహాద్రిని తెలుగులోనే చెప్పమన్నారు. అతను చెప్పాడు.

"నీరు మంచం కోళ్ల దాకా ఒచ్చీసింది బాబూ. మా సిన్నగుంట మంచం మీద ఏడుస్తంది. నాను కూకోని ఆలోచన సేసినాను. గట్టు కొట్టకపోతే గోడ పడిపోద్ది అనిపించింది. పార అట్టుకోని ఎల్లి కొట్టీసినాను."

నేను "ఆలోచన సేసినాను" దగ్గర ఒడియాలో, "మనసులో అనుకున్నాను," అని చెప్పాను. సర్కారు వకీలు మహాపాత్ర బాబు వెంటనే లేచాడు.

"హుజూర్, దుబాసీ మాట మారుస్తున్నాడు. ముద్దాయి ఆలోచన అన్నాడు. మనమంతా విన్నాం. అది మన మాటే. దాన్ని అనువదించాల్సిన పనే లేదు."

జడ్జి గారు నా వైపు చూశారు. "అతను ఆ మాటే అన్నాడు, హుజూర్. కానీ తెలుగులో దానికి అర్థం వేరు," అన్నాను.

మహాపాత్ర బాబు శర్మ గారిని చూపించాడు. "పెద్ద దుబాసీ ఇక్కడే ఉన్నారు. సంస్కృత పండితులు. ఆయన్ని అడగండి."

శర్మ గారు లేచి, గొంతు సవరించుకుని, ధాతువు దగ్గర్నుంచి మొదలుపెట్టారు. చూడడం అనే అర్థమున్న ధాతువు నుంచి ఈ మాట పుట్టింది, బాగా పరిశీలించి చూడడం దీని మూలార్థం, ఉభయ భాషలూ దీన్ని సంస్కృతం నుంచే తెచ్చుకున్నాయి, కాబట్టి తేడా ఉండడానికి వీల్లేదు అన్నారు. జడ్జి గారు ఓపిగ్గా విన్నారు.

"అయితే ముద్దాయి ఏం చేసినట్టు? నలుగురితో చర్చించాడా, మనసులో అనుకున్నాడా, లేక ఊరికే నీళ్లను చూస్తూ నిలబడ్డాడా?" అని అడిగారు.

కోర్టులో నవ్వులు వినబడ్డాయి. శర్మ గారు మళ్లీ ధాతువు దగ్గరికే వెళ్లారు. ఆ ప్రశ్నకు ఆయన విద్యలో జవాబు లేదు. ఆయన దగ్గరే కాదు, మూలాన్ని నమ్ముకున్న ఎవరి దగ్గరా ఉండదు.

జడ్జి గారు నాతో, "ముద్దాయిని అడగండి, ఆలోచన ఎవరితో చేశాడో," అన్నారు.

"సింహాద్రీ, ఆలోచన ఎవరితో చేశావు?" అని అడిగాను.

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "ఆలోచన ఎవులితో సేత్తారండి? నాతోటి నానే కదా సేసుకోవాల," అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరో నేర్పించారని మహాపాత్ర బాబు అన్నాడు. అతని పని అతను చేస్తున్నాడు, తప్పుపట్టను. జడ్జి గారు పెన్ను పక్కన పెట్టారు. తర్వాత, వరండాలో తెలుగు మాట్లాడేవాళ్లెవరైనా ఉంటే ఒకర్ని పిలవమన్నారు. ఈ కేసుతో సంబంధం ఉండకూడదని చెప్పారు.

బంట్రోతు ఒక పెద్దామెను తీసుకొచ్చాడు. పేరు పారమ్మ. ఇంటి స్థలం తగాదాలో తన వాయిదా కోసం వచ్చి పొద్దుటి నుంచీ బయట కూర్చుని ఉంది. తనను ఎందుకు పిలిచారో తెలియక బంట్రోతునే మళ్లీ మళ్లీ అడుగుతోంది. ప్రమాణం చేయించాక జడ్జి గారు నన్ను ఒక్కటే అడగమన్నారు: ఈ మధ్య ఎప్పుడైనా ఆలోచన చేశావా?

"ఇప్పుడే సేత్తన్నాను బాబూ, ఆ వరండాలో కూకోని. కేసు పోతే ఏటి సెయ్యాల, ఎక్కడికి ఎల్లాల అని," అంది.

"ఎవరితో?"

"నాకెవులున్నారు బాబూ? నానొక్కదాన్నే."

ఆ మాటలు అలాగే ఒడియాలో చెప్పాను.

జడ్జి గారు రథ్ బాబు వైపు తిరిగారు. "మీరు చెప్పండి. ఒక మనిషి ఒక్కడే కూర్చుని ఆలోచన చేయగలడా?"

రథ్ బాబు ఆశ్చర్యపోయాడు. "ఒక్కడే ఎలా చేస్తాడు, హుజూర్? ఇంకొకడు ఉండాలి కదా!" అన్నాడు. అనేసి, తనన్నదేమిటో, పక్కన నిలబడ్డ ఆ ముసలామె అన్నదేమిటో అప్పుడు తోచినట్టుంది. నోరు తెరిచి నా వైపు చూశాడు. ఇన్నాళ్లు టీ కొట్టు దగ్గర మాట ఎవరిదని పోట్లాడుకున్నాం. దానికి అర్థమేమిటని ఒక్కరోజూ ఒకర్నొకరు అడగలేదు.

జడ్జి గారు సింహాద్రిని ఇంకొకటి అడిగారు. అవతలి వైపు గట్టు కొట్టినా గుడిసెల్లో నీళ్లు పోయేవి, ఉప్పు కరిగేది కాదు, అలా ఎందుకు చేయలేదు?

"తోచనేదు బాబూ. గుంట ఏడుస్తంటే ఏటి తోస్తాది? దగ్గరున్న గట్టు కొట్టీసినాను."

ముందే ముగ్గురు కూడి పథకం వేసుకున్నవాళ్లు చెప్పే జవాబు కాదది. అక్కడితో కుట్ర అనే మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత శర్మ గారు

శర్మ గారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగానికి అడ్డుపడతారేమో అని భయపడ్డాను కానీ ఆయన అలాంటి మనిషి కాదు. నా పని గురించి పైవాళ్లకు మంచిగానే చెప్పారని తర్వాత తెలిసింది. తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. రిటైరయ్యే రోజున కూడా నన్ను పక్కకు పిలిచి, "ఆ ఆలోచన విషయంలో ధాతువు నేను చెప్పిందే కరెక్టోయ్," అన్నారు. నిజమే, ధాతువు ఆయన చెప్పిందే కరెక్టు. "అవును సార్," అన్నాను.

కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మాటల పుట్టుక మీద పుస్తకాలు తప్పకుండా చదవండి. నేను ఇప్పటికీ చదువుతాను. సరదా చదువు అది, మనుషులు ఎక్కడెక్కడ తిరిగారో చెబుతుంది. కానీ బోనులో ఉన్న మనిషి ఆ పుస్తకం చదివి మాట్లాడడం లేదు. అతని తల్లి ఆ మాట ఎలా వాడిందో అలా వాడుతున్నాడు. అతనికి ఒడియా వచ్చు కదా అని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్తపడండి. మన ప్రాంతంలో చాలామందికి నాలుక మీద ఒడియా ఉంటుంది, అర్థం మాత్రం తెలుగులోనే ఉంటుంది. అటూ అంతే, తెలుగు మాట్లాడే ఒడియావాళ్లూ అంతే. అనుమానం వస్తే ఆగండి. జడ్జి అనుమతి తీసుకుని అడగండి. మీ పై అధికారి ముఖం మాడ్చుకుంటాడు, వకీలు అరుస్తాడు, కోర్టు సమయం పోతోందంటారు. పోనివ్వండి. "తెలియదు, అడిగి చెబుతాను," అనడానికి సిగ్గుపడేవాడు ఈ పనికి పనికిరాడు.

తీర్పు రోజు

అప్పన్ననీ, దండపాణినీ జడ్జి గారు పూర్తిగా విడిచిపెట్టారు. దండపాణి బయటికి వచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. అప్పన్న అతన్ని లేవదీసి తీసుకెళ్లాడు.

సింహాద్రి విషయంలో, ఒకరి సొత్తుకు నష్టం జరిగిన మాట నిజమనీ, అయితే అది పిల్లల్ని కాపాడుకునే తొందరలో జరిగిందనీ జడ్జి గారు అన్నారు. ఆ రోజు కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవడం అతని శిక్ష. నేను తెలుగులో చెప్పాను. అతను తలూపి, వెనక బల్ల మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అతని భార్య తెచ్చిన అన్నం కూడా ముట్టుకోలేదు. మిగతా కేసులు నడుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత నా పనిలో పడి నేను అతన్ని మళ్లీ చూడలేదు.

సాయంత్రం జడ్జి గారు లేచారు. అందరం లేచి నిలబడ్డాం. వకీళ్లు వెళ్లిపోయారు, బంట్రోతు కిటికీలు మూస్తున్నాడు. రథ్ బాబు ఫైళ్లు సర్దుకుంటున్నాడు. సింహాద్రి మాత్రం బల్ల మీద అలాగే ఉన్నాడు. కోర్టు లేవడం అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

దగ్గరికి వెళ్లి, "సింహాద్రీ, అయిపోయింది. ఇంక ఎల్లు," అన్నాను.

అతను లేచాడు కానీ కదల్లేదు. అన్నాళ్లుగా అతన్ని ఎవరు ఎల్లు అన్నా జైలు వ్యాను ఎక్కమనే అన్నారు. "ఎక్కడికండి?" అని అడిగాడు.

"ఇంటికి."

నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు కాసేపు చూశాడు. తర్వాత నన్ను దాటుకుని రథ్ బాబు బల్ల దగ్గరికి వెళ్లాడు. చేతులు జోడించి ఈసారి ఒడియాలో అడిగాడు, "ఘరకు?"

రథ్ బాబు చేతిలోని ఫైలు కింద పెట్టాడు. లేచి నిలబడి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఘరకు," అన్నాడు. తర్వాత నా వైపు ఒకసారి చూసి, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో అన్నాడు, "ఇంటికే బాబూ. మీ ఇంటికే."